టేకు గడప

పటేల్‌గూడలో కొత్త ఇల్లు పూర్తయింది కానీ, గడప గొడవ మాత్రం గృహప్రవేశం నాటి పొద్దుటికి కూడా తెగలేదు.

"టేకు గడపమ్మా! పసుపు రాస్తే మరక పోదు. ముగ్గు స్టిక్కర్ అంటిద్దాం," అన్నాడు నవీన్‌కుమార్ వరసగా ఐదో రోజు.

"స్టిక్కర్ నీ మొఖానికి అంటిచ్చుకో. పసుపు లేనిది గడపెట్లయితదిరా?" అంది తల్లి పోశమ్మ. ఆమె మాటలతో ఆగే మనిషి కాదు. నున్నటి పాలిష్ మీద పసుపు నిలవదని, ముందురోజు మధ్యాహ్నమే గడపను ఇటుక పొడితో బరబరా రుద్దేసింది.

నవీన్‌కుమార్ కూడా ఊరుకోలేదు. అతడు పటాన్‌చెరులో రంగుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తాడు. నీళ్లూ నూనే అంటకుండా చేసే పూత కోసం ఆరు నెలలుగా కుస్తీ పడుతున్నాడు. కట్టె మీద పూస్తే నీళ్లు జారేవి కానీ, నూనె మాత్రం సుబ్బరంగా ఇంకిపోయేది. ఆ సీసాలో కొంత ఎవరికీ చెప్పకుండా తెచ్చి, ఆ సాయంత్రం చీకట్లో గడపకు రెండు పూతలు పూశాడు. పూజయ్యాక తుడిస్తే మరక పోతుందని అతడి లెక్క.

"ముహూర్తం పదీ పదికి. రేపటి నుంచి మూఢం. మళ్లీ రెండు నెలలు ఆగాలె," అని పంతులు తొందరపెట్టాడు. చిట్కుల్‌లో వీళ్లు ఖాళీ చేసిన కిరాయి ఇంట్లో అప్పటికే కొత్తవాళ్లు దిగారు. సామానంతా ట్రాలీ ఆటోలో వీధిలో నిలబడి ఉంది.

పోశమ్మ పసుపు రాసింది. ముద్ద బొట్లు బొట్లుగా చుట్టుకుని మెట్టు మీదికి దొర్లిపోయింది. నూనె కలిపి రాసింది. అదీ దొర్లింది.

"గడప పసుపును ఒల్లనంటున్నది. భూమిల ఏదో ఉన్నది తమ్ముడా," అంది ఆడబిడ్డ ముత్యమ్మ.

"భూమిని అనకక్కా, అది మన తాత దున్నింది," అన్నాడు పోశమ్మ భర్త సంగయ్య. "మైసమ్మ మొక్కు బాకీ ఉన్నమా ఏంది?"

నిమ్మకాయలు కోశారు. రసం కూడా జారిపోయింది. వీధి వీధంతా వచ్చి, తలా ఒక చుక్క వేసి చూసింది. పోశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జిందగీల ఒక్క ఇల్లు కట్టుకుంటిమి. అది కూడ లోపలికి రానియ్యదా?"

పాలగిన్నెతో నిలబడ్డ ధనలక్ష్మి, మొగుడు నవీన్‌కుమార్ చెవిలో అంది. "నీ చేతులు కంపెనీ వాసనొస్తున్నయి. చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"మా మేనేజర్ సార్ గీడనే ఉన్నడే! అడగకుండ తెచ్చిన. నౌకరీ పోతది."

సంగయ్య గొడ్డలి తెచ్చాడు. "పైపొర చెక్కేస్తె సరి!"

"ఆగండి!" అని చుట్టాల మధ్య నుంచి మేనేజర్ శ్రావణ్‌కుమార్ చేతిలో టిఫిన్ ప్లేటుతోనే ఉరికి వచ్చాడు. వంగి, వడలోని నూనెను గడప మీద పిండాడు. చుక్క గుండ్రంగా నిలబడి దొర్లిపోయింది. "నవీన్! ల్యాబ్‌లో ఇంకిపోయే నూనె ఇక్కడెందుకు ఇంకలేదు?"

"మన పూతే సార్, మాఫ్ చేయండి. తేడా ఏందో నాకూ తెల్వదు."

"ఏం పూత?" అంది పోశమ్మ, కొంగు దించి. "నేనైతే ఇటుక పొడితోని గరుకు చేసిన. పసుపు పట్టాలె గద!"

మేనేజర్ ప్లేటు కింద పెట్టేశాడు. "గరుకు! మనమేమో అద్దంలెక్క నున్నగ చేసి పూసినం. గరుకు మీద పూస్తేనే చుక్క కుదురుగా కూర్చోలేక దొర్లిపోతది. అమ్మా, ఈ గడప మాకు కావాలె."

"ముహూర్తానికి ఇంక ఆరు నిమిషాలే," అన్నాడు పంతులు.

అందరూ నవీన్‌కుమార్‌ను చూశారు. అతడు టేకును చూశాడు. పోశమ్మ ఎవర్నీ చూడలేదు. గోడవారన పడి ఉన్న స్లాబు పోసినప్పటి సెంట్రింగ్ చెక్కనొకదాన్ని ఈడ్చుకొచ్చి గడప మీద అడ్డంగా వేసి, పసుపు రాసింది. చెక్క ఒక్క చుక్క వదలకుండా పీల్చుకుంది. కుంకుమ బొట్లు పెట్టి, లేచి, గొంతు పెంచకుండా చెప్పింది.

"అందరు ఇనుండ్రి. టేకుది కంపెనీకి పోతది. ఇగ గిదే మన గడప. కుడికాలు పెట్టుండ్రి."

టేకుకు పసుపు మరక పడకూడదన్న నవీన్‌కుమార్ కోరిక మొత్తానికి నెరవేరింది.