దుల్హాకు తెల్ల గుల్లలు

ఆ ఆదివారం గఫూర్ సాబ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే చేపలకు మేత వేయాలి, బొరుగుల ఉగ్గాని తినాలి, ఇస్త్రీ షేర్వానీ తొడుక్కోవాలి, భార్య వహీదా బీనీ కొడుకు సమీర్‌నీ కారెక్కించుకొని ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళాలి. అక్కడ జుబేర్ సాబ్ ఇంట్లో భోజనం చేసి, సమీర్ నికాకు తారీఖు ఖాయం చేసుకొని చీకటి పడేలోగా తిరిగి రావాలి.

జుబేర్ సాబ్ చేనేత బట్టల వ్యాపారి. కూతురు ఇర్ఫానాను సమీర్‌కు ఇవ్వడానికి ఆర్నెల్లు ఆలోచించాడు. సమీర్ గురించి ఆదోని పత్తి మార్కెట్లో అడిగాడు, మసీదు దగ్గర అడిగాడు, చివరికి సమీర్ చదివిన బడి ముందు సోడాలమ్మే మనిషిని కూడా అడిగాడు. ఎక్కడా వంక దొరక్కపోయేసరికి సరేనన్నాడు. ఆయన నోటి నుంచి వచ్చిన ఆ సరే మళ్ళీ ఎప్పుడు లోపలికి పోతుందోనని సమీర్‌కు నిద్ర పట్టేది కాదు. అతను ఇర్ఫానాను ఒక బంధువుల పెళ్ళిలో చూశాడు. ఆ తర్వాత ఇంకెవరినీ చూడనన్నాడు.

గఫూర్ సాబ్‌కు మాత్రం దిగులు లేదు. పత్తి కమీషన్ దుకాణం కొడుక్కి అప్పజెప్పాక ఆయన ఇంటి ముందు సిమెంటు కొలను కట్టించుకొని, బెంగళూరు నుంచి రంగుల కోయి చేపలు తెచ్చి వదిలాడు. లోకంలో ఆయనకున్న దిగుళ్ళన్నీ ఆ నీళ్ళలోనే తిరిగేవి. వాటిలో పెద్ద చేప ఒళ్ళంతా తెలుపు. నుదుటి మీద మాత్రం, పెళ్ళికొడుక్కి కట్టే పూల సెహ్రాలాగా, ఎర్రని మచ్చ. అందుకని ఇంట్లో అందరూ దాన్ని దుల్హా అనేవారు. దుల్హా అంటే పెళ్ళికొడుకే.

ఆ పొద్దున మేత కోసం దుల్హా పైకి వచ్చినప్పుడు దాని చెంపల మీద తెల్లని గుల్లలు కనిపించాయి. బియ్యపు నూకలు అంటించినట్టున్నాయి. గఫూర్ సాబ్ అద్దాలు తుడుచుకొని చూశాడు. ముందు రెక్కల మీద కూడా ఉన్నాయి. ఆయన చేతిలోని మేతంతా ఒక్కసారే నీళ్ళలో పడిపోయింది.

పక్కింటి గోవిందన్నను గోడ మీది నుంచే పిలిచాడు. గోవిందన్న ఎవరి ఇబ్బందికైనా ఫోన్‌లో వీడియో వెతికిపెట్టే మనిషి. చేపలకు వచ్చే తెల్లమచ్చల జబ్బు మీద ఒక వీడియో దొరికింది. అది అంటుజబ్బనీ, ఒకదానికి వస్తే కొలనంతా పాకుతుందనీ, ఉప్పు నీళ్ళు మంచివనీ అందులో ఎవరో చెప్పారు. ఉప్పు ఎంత వేయాలో చెప్పబోయేంతలో సిగ్నల్ పోయింది. గోవిందన్న ఇంటికెళ్ళి దొడ్డుప్పు బస్తా మోసుకొచ్చాడు. గుడ్డలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు నింపి, చేతికి వచ్చినంత ఉప్పు కుమ్మరించి, దుల్హాను వలతో పట్టి అందులో వేశారు. ఈ హడావుడిలో మిగతా చేపలు కొలను ఒక మూలకు చేరాయి. ఒక్క పసుపు చేప మాత్రం అడుగున కదలకుండా నిలబడింది. పోయిన నెల తెచ్చిన చేప అది. ఇంత గోలలోనూ నిమ్మళంగా ఉన్నదని గఫూర్ సాబ్ దాన్ని మనసులోనే మెచ్చుకున్నాడు.

ఇక ఎమ్మిగనూరు ప్రయాణం ఆలస్యమయ్యేట్టు కనిపించింది. చెప్పకుండా ఆలస్యం చేస్తే మర్యాద కాదని వహీదా బీ జుబేర్ సాబ్‌కు ఫోన్ చేసింది. ఆయన ఇంట్లో మగ్గాల చప్పుడు కావడంతో ఆమె గొంతు పెంచింది. అటువైపు మాటలు గఫూర్ సాబ్‌కు వినపడలేదు. ఇటువైపు మాటల్లో ఆయనకు తప్పేమీ తోచలేదు.

"సలాం భాయీ. ఈ పొద్దు వచ్చేది యాళ తప్పేటట్టుంది. మా దుల్హాకు బాగలేదు. మొగం నిండా తెల్ల గుల్లలు లేసినాయి."

కాసేపు విన్నది.

"జరమా? అదెట్ల తెలుస్తాది భాయీ, వాని ఒళ్ళు ఎప్పుడూ సల్లగానే ఉంటాది. లేదు, ఏం తినలా. నోరు తెరుస్తాండాడు, మూస్తాండాడు, అంతే."

మళ్ళీ విన్నది.

"పక్కింటి గోవిందన్న చూసినాడు. ఉప్పు నీళ్ళ తొట్టిలో ఏసినాం. ఇంట్లో అందరికీ అంటుకుంటాదంట, అందుకే. మీరు దిగులు పడొద్దండి. అల్లా దయ ఉంటే బతుకుతాడు. లేకపోతే బెంగళూరు పోయి ఇంకోన్ని తెస్తానంటాండారు ఈయన."

లైను తెగిపోయింది. మగ్గాల చప్పుడుకు విసిగి పెట్టేసి ఉంటారని వహీదా బీ అనుకున్నది. ఆమె ఫోన్‌ను గోవిందన్న తీసుకొని మళ్ళీ వీడియో వెతుకుతుండగా జుబేర్ సాబ్ ఫోన్ చేస్తే, అతను వీడియో ఆగిపోతుందని కట్ చేశాడు. మళ్ళీ వస్తే మళ్ళీ చేశాడు. జుబేర్ సాబ్ సమీర్‌కు చేశాడు. సమీర్ అప్పుడు సెలూన్ కుర్చీలో, మొహానికి తెల్లని పేస్టు పూయించుకొని, కళ్ళ మీద కీరా ముక్కలతో పడుకొని ఉన్నాడు. కాబోయే మావగారి ముందు మెరుస్తూ కనిపించాలని అతని ఉద్దేశం. ఫోన్ జేబులో మూగగా వణికి ఊరుకుంది.

పేస్టు ఆరకముందే ఇంటి నుంచి మనిషి వచ్చి కబురు చెప్పాడు. దుల్హా అంటే సమీర్‌కు ప్రాణం. మొహం కడుక్కోకుండానే బండెక్కి ఇంటికొచ్చాడు. తొట్టిలో దుల్హా నీటి పైకి వచ్చి నోరు కొట్టుకుంటోంది. సమీర్ చొక్కా విప్పి పక్కన పడేశాడు. సగం ఉప్పు నీళ్ళు పారబోసి, కొలను నీళ్ళు తెచ్చి, చెంబుతో ఎత్తు నుంచి ధారగా పోయడం మొదలుపెట్టాడు. ఆపితే అది మునిగిపోతుందేమో అన్నట్టు పోస్తూనే ఉన్నాడు. మొహం మీది పేస్టు ఎండకు బిగిసి, పగిలి, పెచ్చులు పెచ్చులుగా లేచింది.

గేటు ముందు జీపు ఆగింది ఆ సమయానికే. జుబేర్ సాబ్ దిగాడు, వెనక ఇర్ఫానా దిగింది. జుబేర్ సాబ్ గేటు తీయబోయి, తొట్టి మీద వంగి ఉన్న సమీర్ మొహం చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

ఆలస్యమైనందుకు కోపంతో వచ్చారనుకొని గఫూర్ సాబ్ చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళాడు. దుల్హాకు ఇట్లయినాక కదలలేకపోయామని చెప్పుకున్నాడు.

"కనపడతాండాది," అన్నాడు జుబేర్ సాబ్ గేటు అవతలి నుంచే. "డాక్టరుకు సూపించకుండా తొట్టి కాడ నిలబెట్టుకున్యారేమి?"

"ఈనికి ఆదోనిలో డాక్టరు యాడుండాడు భాయ్? కర్నూలుకు తీసకపోదామంటే దారిలోనే పోతాడు."

జుబేర్ సాబ్ మొహంలో రంగు మారింది. కన్న కొడుకు గురించి ఇంత చల్లగా మాట్లాడే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. "పోతే ఇంకోన్ని తెస్తానంటివంట," అన్నాడు.

"తెచ్చేది తెస్తా. అయినా ఇంత పెద్దోడు మళ్ళీ దొరకడు."

ఇర్ఫానా తండ్రిని దాటి గేటు తీసుకొని లోపలికి వచ్చింది. సమీర్ మొహాన్ని ఒక క్షణం దగ్గరగా చూసింది. ఆమెను చూసి సమీర్ చెంబు పట్టుకునే నిలబడిపోయాడు. చొక్కా ఎక్కడుందో అతనికి గుర్తు రాలేదు. ఇర్ఫానా అతని చెంప మీది పెచ్చు ఒకటి గోటితో గీరి, వాసన చూసి, తండ్రి వైపు తిరిగి అది ముల్తానీ మట్టి అని చెప్పింది. తర్వాత తొట్టిలోకి చూసింది.

"దుల్హా అంటే ఈడేనా?" అని అడిగింది. గఫూర్ సాబ్ అవునన్నాడు. గేటు దగ్గర జుబేర్ సాబ్ జేబురుమాలు నెమ్మదిగా కిందికి దిగింది.

ఇర్ఫానా ఫార్మసీ చదివిందని గఫూర్ సాబ్ ఊరంతా చెప్పుకున్నాడు. ఆమె చదివింది ఫిషరీస్, అంటే చేపల చదువు. పెళ్ళిచూపుల రోజున మగ్గాల చప్పుడులో ఆయనకు అట్లా వినపడింది. ఆ సంగతి ఆమె చేతులు కడుక్కొని, తడి చేతులతో చేపను పక్కకు తిప్పి చూస్తున్నప్పుడు తేలింది.

"చాచా, దీనికి జబ్బు లేదు," అన్నది. "ఇది మగది. జత కట్టే కాలంలో మగవాటికి చెంపల మీద, ముందు రెక్కల మీద ఇట్ల గరుకు గుల్లలు వస్తాయి. కాలం అయిపోతే అవే పోతాయి. తెల్లమచ్చల జబ్బయితే ఉప్పు చల్లినట్టు ఒళ్ళంతా, తోక మీద కూడా ఉంటాయి. దురదకు గోడలకేసి రుద్దుకుంటాది."

మరి నోరెందుకు కొట్టుకుంటోందని గోవిందన్న అడిగాడు. ఇరుకు తొట్టిలో గాలి చాలక, పైగా ఇంత ఉప్పు తట్టుకోలేక, అని ఆమె చెప్పింది. ఎత్తు నుంచి నీళ్ళు పోసి గాలి కలపకపోయి ఉంటే ఈపాటికి చచ్చిపోయేదని కూడా చెప్పింది. అట్లా పోయమని ఎవరు చెప్పారని సమీర్‌ను అడిగింది. ఎవరూ చెప్పలేదనీ, ఊపిరాడనట్టు కనపడితే ఏదో ఒకటి చేయాలనిపించిందనీ సమీర్ నేల చూస్తూ అన్నాడు. ఇర్ఫానా తండ్రి వైపు ఒకసారి చూసింది.

దుల్హాను కొలనులోకి వదిలారు. అది వెంటనే తక్కిన చేపల వెంటపడింది. ఇర్ఫానా మాత్రం కొలను గట్టు మీదే కూర్చొని అడుగుకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ పసుపు చేప ఎన్నాళ్ళుగా ఒంటరిగా నిలబడుతోందని అడిగింది. వచ్చినప్పటి నుంచీ అంతేననీ, చాలా బుద్ధి గల చేప అనీ గఫూర్ సాబ్ గర్వంగా చెప్పాడు.

"బుద్ధి కాదు చాచా. రెక్కలు ఒంటికి ముడుచుకున్యాది సూడండి. జబ్బుది ఇదే."

వలతో పైకి తీస్తే దాని పొట్ట కింద ఎర్రని పుండు కనిపించింది. తెచ్చిన చేపను కొన్నాళ్ళు వేరే నీళ్ళలో పెట్టి చూశాకే పాతవాటిలో కలపాలని ఇర్ఫానా చెప్పింది. నేరుగా కలిపారని ఆమె అడగకుండానే గఫూర్ సాబ్ మొహం చెప్పేసింది. వల అడుగున మెత్తబడ్డ బొరుగులు, ఒక మిరపకాయ బజ్జీ ముక్క కూడా వచ్చాయి. ఇవేమిటని ఇర్ఫానా అడిగితే, తాను తినే ఉగ్గానిలో చేపలకు కూడా వాటా ఉంటుందని గఫూర్ సాబ్ ఒప్పుకున్నాడు. తినకుండా మిగిలిన మేత కుళ్ళి నీళ్ళు పాడవుతాయనీ, చేపల జబ్బులు సగం అక్కడే మొదలవుతాయనీ ఆమె ఓపికగా చెప్పింది. వహీదా బీ ఆ మాట ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెప్పమన్నది.

జుబేర్ సాబ్ లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. సంబంధం వద్దని చెప్పడానికి దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఇప్పుడు ఎవరికీ పనికిరావు. ఆర్నెల్లు ఊరంతా తిరిగి అడిగినా తెలియని సంగతి ఆ చెంబు నీళ్ళతో తెలిసిందేమో, ఆయన ఉన్నట్టుండి తొందరపడ్డాడు. వచ్చే శుక్రవారమే నికా పెట్టుకున్నా తనకు సమ్మతమేనన్నాడు. గఫూర్ సాబ్ ఆయన్ను కౌగిలించుకున్నాడు. సమీర్ ఇప్పుడు చొక్కా వేసుకోవడం అవసరమనుకున్నాడు.

"శుక్రవారం కుదరదబ్బా," అన్నది ఇర్ఫానా తండ్రితో. "ఈ పుండు మానాల. మానేదాకా నీళ్ళు మార్చాల, మందు పెట్టాల. నేను పెళ్ళికూతురై వచ్చి మొదటి రోజునుంచే ఈ కొలను కాడ కూర్చోలేను. పుండు మానినాకనే నికా."

జుబేర్ సాబ్ సరేనన్నాడు. తారీఖు చెప్పవలసిన బాధ్యత పసుపు చేప మీద పడింది. వెళ్ళేముందు ఇర్ఫానా, రోజూ ఏమి చేయాలో గఫూర్ సాబ్ చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

నికా దాకా ఇర్ఫానా రోజూ ఆదోనికి ఫోన్ చేసి పుండు ఎట్లుందని మాత్రం అడిగేది. సమీర్ ఎట్లాంటివాడని ఎమ్మిగనూరు నుంచి మళ్ళీ ఎవరూ అడగలేదు.