పాత తరమే మేలు

రంగుల దుకాణంలో షేడ్లు కలిపే ఆయన్ని అందరూ డేగకన్ను అంటారు. పాల తెలుపుకీ దంతపు తెలుపుకీ మధ్య ఇంకో నాలుగు తెలుపులున్నాయని వాదించే మనిషి. సొంత పడగ్గదికి వాటిలో ఏది వేయాలో తేల్చుకోలేక మూడేళ్లుగా గోడల్ని ఒట్టి సిమెంటుతోనే వదిలేశాడు.

అంత చూపున్నవాడు, ఇంటిపనిలో సాయం చేస్తానని జేబులు చూడకుండా బట్టల్ని వాషింగ్ మెషీన్లో పడేశాడు. జేబుల్లో తన ఫోనూ ఉంది, భార్య ఫోనూ ఉంది. రెండూ శుభ్రంగా పోయాయి.

కొత్తవి కొనే స్తోమత లేక ఇద్దరూ రిఫర్బిష్డ్ ఫోన్ల దుకాణానికి వెళ్లారు. ఒకప్పుడు ఎవరో గొప్పవాళ్లు వాడి వదిలేసిన ఖరీదైన ఫోన్లవి. విప్పి, తుడిచి, బ్యాటరీ మార్చి అమ్ముతున్నారు. ఒకే కంపెనీవి రెండు దొరికాయి. ఒకటి కొత్త తరం, ఒకటి దాని ముందు తరం. చూడ్డానికి కవలలే.

"తేడా ఒక్క తరమే సార్, వాడేవాళ్లకి తెలియదు" అన్నాడు దుకాణదారు, కొత్తదానికి ఎర్ర కవరూ పాతదానికి నల్ల కవరూ తొడుగుతూ.

"వాడేవాళ్లకి తెలియకపోవచ్చు. నాకు తెలుస్తుంది" అన్నాడు డేగకన్ను. కొత్తది తనదేనని అప్పుడే నిశ్చయించుకున్నాడు. అడిగితే ఆవిడ ఇవ్వదు. అందుకని ఇంటికి రాగానే, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు కవర్లు రెండూ మార్చేశాడు.

ఆవిడ రాగానే ఎర్ర కవరు ఫోను చేతిలో పెట్టాడు.

"కొత్త తరం నువ్వు వాడుకో. నేనెలాగో సర్దుకుంటాను."

"ఒంట్లో బాగానే ఉందా?" అంది ఆవిడ.

ఆవిడ కొరియర్ ఆఫీసులో పార్సిళ్లకు లేబుళ్లు అంటిస్తుంది. భర్త మంచితనాన్ని కూడా తూకం వేయకుండా తీసుకోదు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆయన నల్ల కవరు ఫోనుతో గోడని ఫోటో తీసి, ఆగలేకపోయాడు.

"చూశావా, నీడలో కూడా ఎంత స్పష్టంగా వచ్చిందో. తరం తేడా అంటే ఇదీ."

"మీ దగ్గరున్నది పాత తరం కదండీ?"

డేగకన్ను ఫోనుని గబుక్కున జేబులో పెట్టేశాడు. "అదే అంటున్నా. పాత తరమే మేలు. ఆ పస కొత్తవాటికి ఎక్కడొస్తుంది?"

ఈ మాట హాల్లో ఉన్న మామగారి చెవిన పడింది. ఆయన పన్ను కట్టించుకోవడానికి వచ్చారు. ఇంటిపన్ను కాదు, నోట్లో పన్ను. రెండ్రోజుల్లో వెళ్లిపోవాల్సిన మనిషి లేచి వచ్చారు.

"అల్లుడుగారూ, ఆ మాట మళ్లీ అనండి."

భార్య చూస్తోంది. అనక తప్పలేదు. "పాతదే మేలు మామగారూ. వేడెక్కదు, ఊరికే గోల చేయదు. పొద్దున నింపితే సాయంత్రం దాకా ఏమీ అడగదు."

"అచ్చం నేనే" అన్నారు మామగారు. ఆయన కళ్లు చెమర్చాయి. "కన్నకొడుకులు కూడా ఈ మాట అనలేదు. ఇంకా ఎన్నాళ్లు ఉంటుందంటారు?"

"ఇంకో అయిదారేళ్లు ఎక్కడికీ పోదు."

"అయితే నేనూ పోను" అని ఆయన పెట్టె తెరిచి, చొక్కాలు అల్లుడి బీరువాలో సర్దుకున్నారు. పడగ్గది ఎంచుకుని, గోడకు ఏ తెలుపైనా ఫరవాలేదన్నారు.

డేగకన్ను వంటింట్లోకి పరిగెత్తాడు. "నేనన్నది ఫోను గురించని మీ నాన్నకి చెప్పు."

"మీరే చెప్పండి, కొత్త తరమే మేలని. ఎలాగూ అది నా దగ్గరే ఉంది."

"ఎక్కడుంది నీ దగ్గర? కవర్లు మార్చేశానుగా" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ తాపీగా తన ఫోన్లో సెట్టింగులు తెరిచి చూపించింది. కొత్త తరమే. ఆయన ఫోను తీసుకుని అదీ చూపించింది. పాత తరం.

"దుకాణంలో మీరు బిల్లు దగ్గర బేరమాడుతుంటే నేనూ మార్చాను. మీరు ఎర్రదానికే ఎగబడతారని తెలుసుగా. మీరు మళ్లీ మార్చి మొదటికి తెచ్చారు. పైన లేబులు చూసి లోపల సరుకుని నమ్మే అలవాటు మా ఆఫీసులో లేదండీ."

"అయితే ఇంతసేపూ నేను పొగిడింది..."

"పాతదాన్నే. మీ చూపుకి తిరుగులేదు."

"పోనీ, మార్చుకుందామా?" అన్నాడు నీరసంగా.

"అలాగే. ఆ ముక్క మా నాన్న ముందు అనండి."

ఆయన హాల్లోకి తొంగిచూశాడు. మామగారు ఫోన్లో కొడుకుతో గర్వంగా చెబుతున్నారు, తనకి ఇప్పుడు ఒక ఇల్లుందని. ఆ మొహం చూశాక డేగకన్ను మార్పిడి మాట వదిలేశాడు. నిజంగానే మనసు చివుక్కుమంది.

"అల్లుడుగారూ, మీ పాత తరంతో మనిద్దరికీ ఒక ఫోటో" అని పిలిచారు మామగారు.

భార్య తీసింది. డేగకన్ను ఫోటోని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. మామగారి కొత్త పన్నూ, తన మొహమూ ఒకే తెలుపు. ఆ షేడ్ పేరేమిటో ఆయనకి తట్టలేదు.