మూడు చప్పట్లు

ఫిజీలోని బా నది ఒకే ఏడాదిలో రెండుసార్లు బజారులోకి వచ్చిన ఏడు అది. మొదటి వరద జగన్నాథం ఇంట్లోంచి డ్రమ్ మిషనును పట్టుకుపోయింది. రెండో వరద రారవాయి ఊరి కుళాయిల్లోంచి మంచినీళ్లను పట్టుకుపోయింది. ఈ కథకు రెండూ కావాలి.

జగన్నాథం, అప్పన్న, ధర్మ కలిస్తే ‘కేన్ ట్రెయిన్’, అంటే చెరకు రైలు, అనే రాక్ బ్యాండు. స్వతంత్రం వచ్చిన కొత్తలో పెట్టారు. జగన్నాథం గిటారు పట్టి పాడతాడు. అప్పన్న డ్రమ్ములు వాయిస్తాడు. అప్పన్న బావమరిది ధర్మది బేస్ గిటారు. ఆ రోజుల్లో వాళ్లు మొదలుపెడితే చెరకు కొట్టేవాళ్లు కత్తులు పక్కన పడేసి చిందులేసేవారు. తర్వాత రవీంద్ర అనే అతను కీబోర్డు పట్టుకొని చేరాడు. కీబోర్డు వెనకే రంగు దీపాలు వచ్చాయి, దీపాల వెనకే మెరుపు చొక్కాలు వచ్చాయి, ఆఖరికి మనిషి లేకుండా తనే దరువేసే డ్రమ్ మిషను వచ్చింది. అది వచ్చిన రోజున అప్పన్న తన డ్రమ్ములను గోనెసంచుల్లో కట్టుకొని ఇంటికి పోయాడు. ఒక్క మాట అనలేదు. అతను మామూలుగానే ఏమీ అనడు. కాబట్టి అతనికి కోపం వచ్చిందని జగన్నాథానికి తెలియడానికి కొన్నేళ్లు పట్టింది.

రవీంద్ర కీబోర్డుతో సహా బ్రిస్బేన్ వెళ్లిపోయాడు. మిగిలిన మిషను నదిపాలైంది. నీళ్లు తీసిన మర్నాడు జగన్నాథం బురద కాళ్లతో వచ్చి అప్పన్న వాకిట్లో నిలబడ్డాడు.

“మిషను పోయింది” అన్నాడు.

“ఊఁ” అన్నాడు అప్పన్న.

క్షమాపణ అడగడం, మన్నించడం అంతటితో పూర్తయ్యాయి. అప్పన్న లోపలికి వెళ్లి గోనెసంచులు విప్పాడు.

మొదట్లో ఎలా వాయించారో అలాగే కొత్త ఆల్బం చేయాలనుకున్నారు. ఒక గిటారు, ఒక బేస్, డ్రమ్ములు, ఒక గొంతు. అతుకులు లేవు, మిషన్లు లేవు. సువాలో ఉద్యోగం చేసే జగన్నాథం కూతురు విమ్లా ఒక చిన్న రికార్డరు తెచ్చి అప్పన్న పెరటి వంటపాకలో పెట్టింది. పాడింది పాడినట్టే పట్టింది. నాలుగో పాటలో కుక్క మొరిగింది. సమయానికే మొరిగిందని దాన్నీ ఉంచేశారు. అట్టపెట్టె నిండా డిస్కులు తయారయ్యాయి.

అప్పుడు జగన్నాథం ఒక షరతు పెట్టాడు.

“చూడరా అప్పన్నా, విన్న పబ్లిక్ బాగుందంటే ఇట్లానే పాడతా. లేదంటే లౌతోకా పోయి ఇంకో మిషను కొంటా, పెళ్లిళ్లలో వాయించుకుంటా. ఈ వయసులో జోకర్ కాలేను యార్.”

అప్పన్న తలూపాడు. జనం పెదవి విరిస్తే తన డ్రమ్ములు మళ్లీ గోనెసంచుల్లోకి పోతాయని అతనికి అర్థమైంది. ఈసారి విప్పే వరద రాదని కూడా అర్థమైంది.

జనం అభిప్రాయాలు రావడం మొదలైంది. కీబోర్డు లేని పాట గుండు చేయించుకున్న పెళ్లికొడుకులా ఉందన్నాడు గుడి పూజారి. చెరకు బండి కంకర మీద పోతున్నట్టుందన్నాడు దుకాణం శివ ప్రసాద్. ఆ మాట మంచికన్నాడో చెడుకన్నాడో అడిగితే, అతను మిరపకాయలు తూచడంలో పడిపోయాడు. మిగిలినవాళ్లు అప్పన్న మొహం చూసి “బాగుంది, బాగుంది” అన్నారు. మొహం చూసి చెప్పే మాటకు విలువ ఎంతో అప్పన్నకు తెలుసు. అతనే అట్లా చాలామంది పెళ్లిభోజనాలను మెచ్చుకున్నాడు.

అందుకే ఆ శనివారం పొద్దున్న ఒక చిన్న పథకం వేశాడు. సత్యేంద్ర రేకుల షెడ్డులో ప్రతి శనివారం పదిమంది చేరి గ్రోగ్ తాగుతారు. యంగోనా వేరు పొడిని నీళ్లలో పిసికి, పెద్ద కొయ్య గిన్నెలో పోసి, కొబ్బరి చిప్పతో వంతులవారీగా తాగడం అక్కడి ఆచారం. డాక్టరు వద్దన్నాక అప్పన్న ఆ వైపు పోవడం మానేశాడు. ఇప్పుడు పేరూ ఊరూ రాయని డిస్కు ఒకటి సత్యేంద్రకు పంపాలి. తను షెడ్డు వెనక కసావా దుంపల చేలో కలుపు తీస్తున్నట్టు కూచోవాలి. అసలు మాట వినాలి.

“ఏమయ్యా, పాగల్ అయినావా?” అంది అతని భార్య చంద్రవతి. “లోపల కుర్చీ ఉంది. చేలో దోమలున్నాయి. ఏది మంచిది?”

“మొహం చూస్తే మంచిదే చెప్తారు.”

“నీ మొహం చూసి ఎవడూ మంచి చెప్పలేదు ఇంతవరకూ.”

అప్పన్న టోపీ పెట్టుకొని బయల్దేరాడు.

రేకు గోడకు చెవి ఆనించి కూచున్నాడు. లోపల డిస్కు పెట్టారు. తన డ్రమ్ము మోగింది. ఒక్క చప్పట వినబడింది. పాట సాగింది, అయిపోయింది. అప్పుడు మూడు చప్పట్లు వినబడ్డాయి. అరచేతులు గుంటగా పట్టి కొట్టిన బోలు చప్పట్లు.

ఫిజీలో పుట్టిన పసిపిల్లకైనా ఆ లెక్క తెలుసు. చిప్ప అందుకునే ముందు ఒక చప్పట, తాగేశాక మూడు చప్పట్లు. అదే గ్రోగ్ మర్యాద. రెండో పాటకూ మూడు చప్పట్లు. మూడో పాటకూ మూడే. కుక్క మొరిగిన పాటకూ మూడే. పాట గురించి ఒక్కడూ నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది. తన ముసలి బ్యాండు జనం గ్రోగ్ తాగేటప్పుడు పక్కన ఈగలా మోగుతోందన్నమాట.

అప్పన్న లేచి, తీయని కలుపును ఒకసారి చూసి, ఇంటికి వచ్చాడు.

“ఏమన్నారు?” అంది చంద్రవతి.

“తాగారు.”

“పాట సంగతి?”

“పాట నడుస్తుంటే తాగారు.”

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. రారవాయిలో అంత దూరం పోనక్కరలేదు, బావమరిది ఇంటిదాకా పోతే చాలు. చంద్రవతి తన తమ్ముడు ధర్మకు ఫోన్ చేసి, పాట ఎవరూ పట్టించుకోలేదట, తాగుతూ కూచున్నారట అని చెప్పింది. పాట భరించలేక తాగారట అని ధర్మ జగన్నాథానికి చెప్పాడు. అట్టపెట్టె ధర్మ ఇంట్లోనే ఉంది. ఏం చేయమంటావని అడిగితే, నీ ఇష్టం వచ్చింది చేసుకో అని జగన్నాథం ఫోన్ పెట్టేశాడు.

ధర్మకు గుట్ట మీద మిరప మడి ఉంది. పండిన కాయలను బుల్‌బుల్ పిట్టలు బతకనివ్వడం లేదు. ఆదివారం అతను ‘కేన్ ట్రెయిన్’ ఆల్బం మొత్తాన్ని దారానికి గుచ్చి మడి మీద కట్టాడు. ఎండకు డిస్కులు తళతళలాడాయి. పిట్ట ఒక్కటి వాలలేదు.

అటుగా వచ్చిన జగన్నాథం ఆగి చూశాడు. “చూడు, పిట్టలకు కూడా నచ్చలేదు” అన్నాడు.

సోమవారం పొద్దున చంద్రవతి టీ గ్లాసు అప్పన్న ముందు పెట్టి, “నీ ఫ్రెండు లౌతోకా బస్సుకు పోతున్నాడు. మిషను కొనడానికి” అంది. అప్పన్న టీ వదిలేసి బస్టాండుకు పరిగెత్తాడు. ఎక్కేలోపు ఆపుదామనుకున్నాడు. జగన్నాథం అప్పటికే కిటికీ పక్కన కూచున్నాడు. అప్పన్న బస్సెక్కి అతని వెనక సీట్లో కూచున్నాడు. ఏం చెప్పాలో ఆలోచిస్తుండగా బస్సు కదిలింది. అతనికి మాట రావడానికి లౌతోకా దాకా పట్టేట్టుంది.

డ్రైవరు విజేంద్ర. సత్యేంద్ర షెడ్డులో శనివారం తప్పని మనిషి. ఊరు దాటగానే అతను అలవాటు ప్రకారం పాట పెట్టి, అలవాటు ప్రకారం సీట్లు అదిరేదాకా పెంచాడు. మొదటి దెబ్బకే అప్పన్న తన డ్రమ్మును గుర్తుపట్టాడు. జగన్నాథం చెవులు ఎర్రబడ్డాయి.

“బంద్ చెయ్ విజేంద్రా! నన్ను చూసి నవ్వడానికి పెట్టినావా?” అని లేచాడు.

విజేంద్ర అద్దంలోంచి చూశాడు. “నవ్వేది ఏముంది మామా? మస్తు పాట.”

“మస్తు కాదు. చెడ్డ పాట. ఆపు!”

పక్క సీట్లో కసావా బస్తా మీద చెయ్యి వేసుకొని కూచున్న ఒక పెద్దావిడ, మోహిని అని బజారులో అందరికీ తెలిసిన మనిషి, ఇటు తిరిగింది.

“ఎవరయ్యా నువ్వు? నీకు నచ్చకపోతే కిటికీలోంచి చూస్కో. మా పెళ్లప్పుడు ఇట్లాంటి పాట ఉండేది. మధ్యలో టింగ్ టింగ్ పెట్టి నాశనం చేసినారు. ఇప్పుడు మళ్లీ మనుషులు వాయిస్తున్నారు.”

“ఆ గొంతు చూడమ్మా, పగిలిపోయింది” అన్నాడు జగన్నాథం.

“పగలదా మరి? నీ గొంతు పగల్లేదా? పగిలిన గొంతే నిజం చెప్తాది. డ్రమ్ము వాడికి మాత్రం తొందర ఎక్కువ. ఇంట్లో భార్య పిలుస్తున్నట్టు కొట్టినాడు.”

వెనక సీట్లో అప్పన్న తల వంచుకున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రికార్డింగ్ రోజున చంద్రవతి నిజంగానే పిలిచింది.

“ముసలోణ్ణి దింపెయ్ భైయా, పాట విననియ్యడంలేదు” అని ఎవరో అరిచారు. బస్సంతా అవునంది. సొంత పాటను తిట్టినందుకు సొంత శ్రోతలే తనను దింపమంటుంటే జగన్నాథం నోరు తెరిచి నిలబడ్డాడు. ఆ పాడింది నేనే అనడానికి గర్వం అడ్డొచ్చింది, కాదనడానికి ఇంకా పెద్ద గర్వం అడ్డొచ్చింది.

విజేంద్ర బస్సును రోడ్డు పక్కన ఆపి వెనక్కి తిరిగాడు. “మామా, మీకు ఏమైంది? శనివారం చేతులు మండేదాకా చప్పట్లు కొట్టినాం కదా!”

ఆ ఏడాది అప్పన్న నలుగురిలో మాట్లాడింది అప్పుడే. “గ్రోగ్‌కి కదా?” అన్నాడు.

“గ్రోగా? నీళ్లు ఏడియి మామా? కుళాయి తిప్పితే బురద. మీ ఇంట్లో వాన నీళ్ల ట్యాంకు ఉంది, మీకు తెలీదు. రెండో వరదనుంచి ఎండిన గిన్నె చుట్టూ కూచొని మొహాలు చూసుకుంటున్నాం.”

“మూడే కొట్టారు.”

“చిన్నప్పటినుంచి మూడే కొట్టిన చేతులు. నాలుగోది రాదు.”

“ముందు ఒకటి కొట్టారు.”

“అది దోమ.”

అప్పన్న సీట్లోంచి ముందుకు వంగాడు. “నోరు తెరిచి ఒక్క మాట అనొచ్చుగా?”

“మీ టోపీ కిటికీలోంచి కనబడ్తుండె. దాక్కున్న పెద్దమనిషిని ఎట్లా పిలుస్తాం? వినబడాలని గట్టిగా కొట్టినాం.”

జగన్నాథం మెల్లిగా తిరిగి అప్పన్నను చూశాడు. అతను బస్సులో ఉన్నట్టు అప్పుడే తెలిసింది.

“నువ్వెందుకు వచ్చినావురా?”

“మిషను వద్దని చెప్దామని.”

“మరి చెప్పలేదే?”

“చెప్తూనే ఉన్నా” అన్నాడు అప్పన్న.

ఇద్దరూ దిగిపోయారు. ఆ దింపిన ముసలివాడే పాడాడని విజేంద్ర చెప్పగా, మోహిని కిటికీలోంచి తల బయటపెట్టి, “ఆ తొందర ఆయన ఎవరు?” అని అడిగింది. జగన్నాథం అప్పన్నను చూపించాడు. బస్సు వెళ్లిపోయింది.

డిస్కుల సంగతి తెలిసి, సాయంత్రానికి సత్యేంద్ర షెడ్డు మనుషులంతా ధర్మ మిరప మడిలో చేరారు. తలా ఒక డిస్కును దారం నుంచి తెంపుకున్నారు. గీతలు పడి ఐదో పాట ఎగురుతోందని కొందరు, ఎగిరితేనే బాగుందని కొందరు అన్నారు. ధర్మ మాత్రం మిరప మొక్కల మధ్య కూలబడి, “ఆల్బం పోతే పోనీ బావా, కాయలు ఎవరు కాస్తారు?” అని అప్పన్నను అడిగాడు. పిట్టలు అప్పటికే వచ్చేశాయి.

మర్నాడు పొద్దున అప్పన్న తన ట్యాంకులోంచి రెండు బకెట్లు మంచినీళ్లు పట్టి సత్యేంద్ర షెడ్డుకు మోసుకుపోయాడు. ఇకమీద ఆ షెడ్డులో కొట్టిన చప్పట్లు గ్రోగ్‌కో పాటకో ఎవరూ తేల్చలేరు. ముసలి బ్యాండుకు అంతకన్నా మంచి అభిప్రాయం దొరకదు.