తుఫానులోంచి వచ్చిన యూనిఫాం

అయ్యలారా, అమ్మలారా! యూనిఫాం అంటూ వేసుకుంటే ఎవరికీ తెలియని యూనిఫామే వేసుకోవాలి. అంతకు మించిన అదృష్టం లేదు. నా మాట నమ్మండి, దాన్ని ఇస్త్రీ చేసేది నేనే!

నా భార్య మేరెన్ సముద్రాన్నీ వాతావరణాన్నీ శోధించే ప్రభుత్వ సర్వీసులో లెఫ్టినెంటు, పైలట్టు. తుఫాను వస్తోందంటే మా ఊరు లేక్‌లాండ్‌లో జనమంతా కిటికీలకు చెక్కలు కొట్టుకుంటారు. ఈవిడ మాత్రం విమానమెక్కి సరాసరి దాని కడుపులోకి పోతుంది! గాలిని కొలిచే గొట్టాలు అందులో జారవిడిచి, ఇంటికొచ్చి, "చికెన్ ఏమైనా మిగిల్చారా?" అంటుంది.

ఆ సర్వీసులో అందరూ ఆఫీసర్లే. సిపాయన్నవాడు ఒక్కడూ లేడు! ఆర్డర్ వేయాలంటే ఎవరికి వేస్తారు? ఇంట్లో నేనున్నాను గనక మేరెన్‌కి ఆ లోటు తెలియదు.

ఎయిర్‌పోర్టులో ఒక పెద్దాయన ఆవిణ్ణి ఆపి, "ఏమమ్మా, నా పెట్టె ఇంకా రాలేదేం?" అని నిలదీశాడు. హోటల్లో ఒకావిడ కారు పార్కు చేసి రమ్మని తాళాలు చేతిలో పెట్టేసింది. కిరాణా కొట్లో ఇంకొకాయన "నేవీయా?" అన్నాడు. కాదంది. "కోస్ట్ గార్డా?" కాదంది.

"పోనీలే తల్లీ, దిగులు పడకు. వచ్చే ఏడు వాళ్ళే తీసుకుంటారు."

ఇంత ఆప్యాయత నేవీ వాళ్ళకు ఎవరు చూపిస్తారు చెప్పండి?

మాజీ సైనికుల దినానికి బడిలో సభ పెట్టారు. పిల్లల బ్యాండు ఒక్కో దళం పాటా వాయిస్తే ఆ దళం వాళ్ళు లేచి నిలబడటం ఆనవాయితీ. మా ఏడేళ్ళ హ్యాటీ, ఆ పొద్దున్నే తుఫానులోంచి దిగిన వాళ్ళమ్మకు యూనిఫాం తొడిగించి మరీ లాక్కొచ్చింది.

"మన పాట రాగానే నువ్వు లే. నేనూ లేస్తా. నిద్రపోకేం!"

మాకూ ఒక పాట ఉందండోయ్! ఎవరూ వాయించరు గనక కొత్తదానిలా ఉంది.

పాటలన్నీ అయిపోయాయి. బ్యాండు పిల్లలు బూరాలు సర్దేసుకున్నారు. హ్యాటీ ఇంకా కుర్చీ అంచునే కూర్చుని ఉంది.

"మనదేదమ్మా?"

"వాళ్ళకి రాదమ్మా," అంది మేరెన్. అప్పుడు పిల్ల మొహం నేను చూడలేకపోయాను.

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ పెండర్‌గ్రాస్ట్ గారు మైకు అందుకున్నారు. "తుఫాను దారి మార్చుకుని మనవైపే వస్తోంది. రేపు సెలవు, అందరూ జాగ్రత్త!"

ముందు వరసలో ఒక నాన్నగారు ఫోన్ పైకెత్తి చూపించాడు. "ఈ కబురు నాకెప్పుడో వచ్చేసింది! అన్నీ దీనికే తెలుసు. సెల్యూట్ కొడితే దీనికి కొట్టాలి!"

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది.

హ్యాటీ కుర్చీ ఎక్కి నిలబడింది. "ఫోనుకేం తెలుసు! దానికి మా అమ్మ చెప్పింది. రాత్రంతా తుఫానులోనే ఉంది మా అమ్మ!"

అన్ని తలలూ ఇటు తిరిగాయి. మేరెన్ పిల్ల గౌను పట్టుకు లాగింది. "కూర్చోవే, అందరూ చూస్తున్నారు!"

"చూడనీ!"

ఎవరికీ తెలియకపోవడమే అదృష్టమని ఇంతసేపూ నేను తీసిన తర్కమంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయిందండీ. నేనూ లేచి నిలబడ్డాను.