కవరు తీయని మీటరు

ఒక పెద్ద అడవిలో అనగానే ఏ అడవి అని అడక్కండి. పేరు చెబితే అక్కడి జంతువులకు కోపం వస్తుంది. చెప్పకపోతే మీ ఊరి గురించే అంటున్నానని మీరనుకుంటారు. అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ అడవికి ఒక మునిసిపాలిటీ ఉండేది. దానికి చైర్మన్ అడవిదున్న భూపతి. మెట్ట మీద పైపేటలో దున్నలు, ఎలుగుబంట్లు, దుప్పులు ఉండేవి. పల్లంలో కుందేళ్లపేట. పైపేటవాళ్లు స్నానాలు చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, ఇంకా పైకి చెప్పుకోని నీళ్లు అన్నీ కాలువలో పడి పల్లానికి వచ్చేవి. అక్కడ ఒక లోతైన బావి తవ్వి, పంపులు పెట్టి, ఆ మురుగును గుట్టకి అవతలున్న శుద్ధి చెరువులోకి తోసేవారు. దాన్ని పంపుహౌసు అనేవారు. ముక్కు మూసుకుని అనేవారనుకోండి.

పంపులు రెండు. ఒకటి నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. జాగ్రత్తలన్నీ గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. బావిలో దిగే ముందు మోటారు ఆపి తాళం వెయ్యాలి. మూతలు తీసి ఫ్యానుతో లోపలికి గాలి కొట్టాలి. మీటరు దించి విషవాయువు ఉందేమో చూడాలి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు పట్టుకుని పైన ఒకరు ఉండాలి. ఇవి ఎవరికీ తెలియని సంగతులు కావు. రోజూ ఆ గోడకి ఆనుకుని బీడీ కాల్చుకునే తొండకు కూడా కంఠతా వచ్చు.

పంపుహౌసుకు సూపరింటెండెంటు నక్క పరంధామయ్య. కాలర్ నలగనివ్వడు, మాట జారనివ్వడు. ఏడాది పొడవునా ఒక్క ప్రమాదం కూడా జరగని పంపుహౌసుకు వెండి షీల్డు ఇస్తామని పైనుంచి కబురు వచ్చిన రోజు పరంధామయ్యకు నిద్ర పట్టలేదు. షీల్డు వస్తే ప్రమోషను, ప్రమోషను వస్తే పైపేటలో గుహ. కుర్చీలో అటూ ఇటూ దొర్లి ఆలోచించాడు. ప్రమాదం ఎప్పుడు జరుగుతుంది? పని చేసినప్పుడు. మరి పనే చెయ్యకపోతే?

అంతే. మర్నాటినుంచి బావి శుభ్రం చెయ్యడం బంద్. రెండో పంపును వారానికోసారి తిప్పి చూడడం కూడా బంద్. తిప్పితే అరిగిపోతుందన్నాడు. కొత్తగా కొన్న బెల్టు, తాడు, ఫ్యాను, మీటరు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించాడు. మీటరు మీది ప్లాస్టిక్ కవరైతే ముట్టుకోనివ్వలేదు. ఆ అడవిలో అదో అలవాటు. ఏ వస్తువు కొన్నా కవరు తియ్యరు. కవరు చిరిగిందంటే వస్తువు పాతబడిపోయినట్టు బెంగపడతారు. చైర్మన్ గారి సోఫాకి కూడా కవరుండేది. ఆయన కూర్చున్నప్పుడల్లా అది చేసే చప్పుడుకు సభ్యులు నవ్వాపుకోలేక చచ్చేవారు.

బావిలోకి దిగే ఉద్యోగం నీటికుక్క పోలయ్యది. వాళ్ల తాత దిగాడు, నాన్న దిగాడు, తనూ దిగుతాడు. అదొక గొప్ప అతనికి. బెల్టు కట్టుకుంటే పౌరుషం తగ్గిపోతుందనుకునే రకం. బెంగంతా అతని పెళ్లాం నూకాలుది. ఆమె తమ్ముడు పక్క అడవిలో ఇదే పని చేసేవాడు. "ఇప్పుడే వచ్చేస్తానక్కా" అని ఒకరోజు దిగాడు. మళ్లీ రాలేదు. ఆ రోజునుంచి మొగుడు పనికి బయల్దేరితే ఆమె గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేది.

ఒకనాడు ఆమె నేరుగా పంపుహౌసుకే వచ్చింది.

"బాబూ, ఆ బెల్టూ తాడూ మా ఆయనకి ఇప్పించండి."

పరంధామయ్య అదిరిపడ్డాడు. "అవి కొత్తవమ్మా! మురుగంటుకుంటే పాడైపోవూ?"

"మురుగులోకి దిగడానికే కదా బాబూ కొన్నారు?"

"కొన్నది భద్రత కోసం. భద్రంగా ఉన్నాయి. ఇంకేం కావాలి? అయినా ఇప్పుడు మీ ఆయన్ని దిగమన్నదెవరు? హాయిగా కూర్చోబెట్టి జీతమిస్తున్నాను."

దిగకపోతే మంచిదే కదా అని నూకాలు ఇంటికి వెళ్లిపోయింది. కానీ ఆరోజు బావి మూత సందులోంచి వచ్చిన కుళ్లిన గుడ్ల కంపు ఆమె ముక్కును వదల్లేదు.

ఏడాది తిరిగింది. తనిఖీకి కొంగగారు వచ్చారు. తెల్లటి బట్టలు, పొడుగాటి మెడ, ఒంటికాలి మీద నిలబడి ఆలోచించే అలవాటు. పంపుహౌసు ముందు షామియానా వేశారు. పంపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. చైర్మన్ భూపతి వేదిక మీద కూర్చున్నాడు. కొంగగారు బీరువా చూసి మురిసిపోయారు.

"ఆహా! ఒక్క మరక లేదే! ఇంత శుభ్రమైన తాడు నేనెక్కడా చూడలేదు."

"అంతా తమ ఆశీర్వాదం" అన్నాడు పరంధామయ్య, వంగి వంగి.

సరిగ్గా అప్పుడే నడుస్తున్న పంపు గొంతు పట్టేసినట్టు గురగురమని ఆగిపోయింది. రెండో పంపు మీట నొక్కారు. అది ఉలకలేదు, పలకలేదు. ఏడాదిగా కదలని ఇరుసు తుప్పుపట్టి బిగుసుకుపోయి కూర్చుంది. బావిలో మురుగు పైకి రావడం మొదలుపెట్టింది.

పరంధామయ్య పోలయ్యను షామియానా వెనక్కి లాక్కెళ్లాడు.

"ఒరే పోలయ్యా, పంపు నోటి దగ్గరి జాలీకి ఏదో అడ్డం పడిందిరా. గబుక్కున దిగి లాగేసి వచ్చెయ్. కొంగగారు టిఫిను తినే లోపల అయిపోవాలి."

"దానికేం బాబూ, చిటికెలో పని" అని పోలయ్య చొక్కా విప్పేశాడు.

చొక్కా అయితే విప్పాడు గానీ మూత తియ్యలేకపోయాడు. మూత మీద నూకాలు కూర్చునుంది. పంపు చప్పుడు ఆగడం విని ఇంటినుంచి పరుగెత్తుకొచ్చింది పాపం, ఇంకా ఆయాసపడుతోంది.

"లెగే! నలుగురిలో నా పరువు తీస్తావేటి?" అన్నాడు పోలయ్య.

"పరువు పోతే పోనీ మావా. నువ్వుంటే మళ్లీ సంపాదించుకుందువు."

"మా తాత ఏ తాడు కట్టుకుని దిగాడే?"

"మీ తాత కాలంలో బావి ఏడాది మూసిపెట్టలేదు. మా తమ్ముడూ ఇలాగే అన్నాడు. ఆడి చొక్కా ఇంకా మా అమ్మ దగ్గరే ఉంది" అంది నూకాలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మూత మీదనుంచి మాత్రం కదల్లేదు.

గొడవ విని వేదిక మీదివాళ్లంతా అక్కడికి వచ్చారు. కుందేళ్లు గుమిగూడాయి. భూపతి గట్టిగా రంకె వేశాడు. "ఏమిటీ రభస? ఎవరో ఒకరు దిగండయ్యా!"

కొంగగారు ఒంటికాలి మీద నిలబడి కాసేపు ఆలోచించారు. "మీటరుంది కదా, దించి చూడండి. గాలి బాగుంటే దిగమందాం."

ఇక తప్పక పరంధామయ్య బీరువా తాళం తీశాడు. మీటరును పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకొచ్చి, తాడు కట్టి, నూకాలును పక్కకి జరగమని, మూత కొంచెం తీసి లోపలికి దించాడు. కాసేపటికి పైకి లాగి అందరికీ చూపించాడు.

"చూశారా! సున్నా! అడవిలో గాలికన్నా శుభ్రం! ఈ ఆడమనిషి అనవసరంగా అల్లరి చేస్తోంది."

పోలయ్య మీసం దువ్వుకుని ముందుకు వచ్చాడు. బావి అంచు మీద కాలు పెట్టాడు. నూకాలు అతని తోక పట్టుకుని వెనక్కి లాగింది. రెండో చేత్తో మీటరు గుంజుకుంది.

"కవరు మీదుంటే దీనికి గాలెలా తగుల్తాదయ్యా?" అంటూ పళ్లతో కవరు పర్రుమని చింపి అవతల పారేసింది.

"అయ్యయ్యో, కొత్తది!" అని పరంధామయ్య గుండె బాదుకున్నాడు.

నూకాలు మీటరును మళ్లీ బావిలోకి దించింది. అది మూత దాటిందో లేదో, కీచుమని ఎర్రలైటుతో అరవడం మొదలెట్టింది. ఆ అరుపు పైపేట దాకా వినిపించింది. కుందేళ్లు చెవులు మూసుకున్నాయి. పోలయ్య అంచు మీద పెట్టిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మీసం మీది చెయ్యి దించేశాడు. పెళ్లాం వైపు చూశాడు. చాలా భయపడ్డాడు. భయపడడం అతనికి అదే మొదలు.

ఆ తర్వాత అంతా గోడ మీద రాసినట్టే చేయక తప్పలేదు. మోటారుకు తాళం వేశారు. తాళంచెవి నూకాలు కొంగున ముడేసుకుంది. పైనుంచి మురుగొచ్చే తూము మూసేశారు. తూము మూస్తే నీళ్లు పైపేటలోకి ఎగదన్నుతాయని తెలిసి భూపతి "మా పెరట్లోకా?" అని ఏడుపు ముఖం పెట్టాడు. కుందేళ్లు మాత్రం ఎంతో శ్రద్ధగా తూము మూతను బిగించాయి. ఫ్యాను కవరు చింపి గాలి కొట్టారు. మీటరు నోరు మూసుకునేదాకా కొట్టారు. పోలయ్య బుద్ధిగా బెల్టు కట్టుకున్నాడు.

"తాడెవరు పట్టుకుంటారు?" అన్నారు కొంగగారు.

"నేనూ, ఈ సూపరింటెండెంటు బాబూ పట్టుకుంటాం" అంది నూకాలు, తాడు పరంధామయ్య చేతిలో పెడుతూ. "గట్టిగా పట్టుకోండి బాబూ. ఆయన జారితే మీరూ ఎల్తారు. కొస మీ నడుముకే కట్టాను."

తాడు పట్టుకోవడంలో అంత శ్రద్ధ చూపించిన అధికారి ఆ అడవి చరిత్రలో లేడు.

పోలయ్య దిగాడు, జాలీకి చుట్టుకున్న గుడ్డ లాగాడు, క్షేమంగా పైకి వచ్చాడు. విప్పి చూస్తే అది కిందటేడు భద్రతా వారోత్సవాల బ్యానరు. సభ అయ్యాక ఎక్కడ పారెయ్యాలో తెలియక బావిలో పారేశారు. పంపు మళ్లీ నడిచింది. కుందేళ్లపేట తడవలేదు. కొంగగారు సంతోషించి, షీల్డు ఇద్దామా వద్దా అని ఆలోచించడానికి ఒంటికాలి మీద నిలబడ్డారు. ఆ కాలు సరిగ్గా చింపి పారేసిన కవరు మీద పడింది. సర్రున జారి దబ్బున పడ్డారు. కాలు బెణికింది, తెల్లబట్టలు నల్లబడ్డాయి.

ఏడాది మొత్తానికి ఒకటే ప్రమాదం. అది కూడా ప్రమాదాలు లేవని రాసుకుపోవడానికి వచ్చినాయనకు. షీల్డు ఇంకో అడవి పంపుహౌసుకు వెళ్లిపోయింది. అక్కడ పంపులు ఇంకా బిగించనే లేదట.

భూపతి విచారణ వేశాడు. విచారణాధికారి ఎవరనుకున్నారు? పరంధామయ్యే. అనుభవం ఉంది కదా. తాడు లాగి పట్టేసిన నడుముకు పట్టీ వేసుకునే నివేదిక రాశాడు: ప్రమాదానికి కారణం మీటరు కవరు తీయడం. ఇకమీదట ఎటువంటి పరిస్థితుల్లోనూ కవర్లు తీయరాదు. పనిముట్లన్నీ వెంటనే బీరువాకు అప్పగించవలెను.

ఆ ఉత్తర్వు పట్టుకుని పోలయ్య ఇంటికి వచ్చాడు. బెల్టూ, మీటరూ దండెం మీద ఆరుతున్నాయి. నూకాలు తాడును పీట మీద పెట్టి తోముతోంది.

"ఏమే, ఇవన్నీ తిరిగిచ్చెయ్యమని కాగితం వచ్చింది. ఏం చేద్దాం?"

నూకాలు తలెత్తలేదు. "కాగితం ఆళ్లది మావా. మొగుడు నాది. ఆళ్లది ఆళ్లని దాచుకోమను, నాది నేను దాచుకుంటాను."

ఇందులో నీతి ఏమిటని పిల్లలు అడిగితే ఇలా చెప్పండి: ఏ పనీ చెయ్యనివాడికి ఏ ప్రమాదమూ రాదు, వచ్చేదంతా వాడి కింద పనిచేసేవాడికే.