తాయారమ్మ బండి రిజిస్ట్రేషన్

ఒక పెద్ద అడవిలో రవాణా శాఖ ఉండేది కానీ వాహనాలు ఉండేవి కావు. వాగుకి అవతల ఉన్న ఎడమగట్టు అడవిలో రవాణా శాఖ పెట్టారని తెలిసి, మనమేం తక్కువా అని కుడిగట్టు సింహంగారు కూడా ఒకటి పెట్టించారు. ఎడమగట్టులో వాహనాలున్నాయా అని ఎవరూ అడగలేదు. అక్కడా లేవు.

శాఖకి మిగతా హంగులన్నీ ఉన్నాయి. మద్దిచెట్టు కింద కౌంటరు, కౌంటరు మీద ముద్ర, ముద్ర పక్కన ఎండిపోయిన ఇంకు ప్యాడు. ఆఫీసు వెనకాల డ్రైవింగు పరీక్షకి ట్రాక్. వాగులోంచి మెత్తటి ఇసుక తెప్పించి, ఎనిమిది అంకె ఆకారంలో పరిచి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. లెర్నర్స్ లైసెన్సు లేనివాళ్ళు లోపలికి రాకూడదని బోర్డు కూడా పెట్టారు. అడవిలో ఎవరికీ లైసెన్సు లేదు కాబట్టి ఆ ఇసుక మీద ఇంతవరకూ ఒక్క కాలూ పడలేదు.

ఆ శాఖకి అధికారి అడవిదున్న దండపాణి. చెడ్డవాడని అనలేం, పదవంటే మాత్రం ప్రాణం. ఆయన వీపు మీద మైనాలు పొద్దస్తమానం కూర్చుని పురుగులు ఏరుకు తింటూ ఉండేవి. వాటికి పెద్దదిక్కు మంగతాయి. ఆఫీసులో ఏం జరిగినా పైనుంచి ఒక మాట పడెయ్యనిదే ఆవిడకి తోచదు.

గుమస్తా పేరు కామేశం. గుడ్లగూబ. ఆఫీసు వేళలు పగలు కావడంతో కౌంటరు మీదే నిద్రపోయేవాడు. లేపితే రూలు చెప్పి మళ్ళీ నిద్రపోయేవాడు. రూల్సన్నీ అతనికి కంఠతా వచ్చు. వాటికి అర్థం ఉంటుందేమోనన్న అనుమానం మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు సింహంగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. వానలు మొదలయ్యేలోపు ఒక్క బండైనా రిజిస్టరు కాకపోతే శాఖ ఎత్తేస్తారట. దండపాణికి ఆ పూట గడ్డి సయించలేదు. నెమరు వేస్తూ ఆలోచించి, కామేశం చేత కొత్త రూలు రాయించాడు. ఎవరినైనా మోసుకుంటూ కదిలేది ఏదైనా సరే వాహనమే. వాగు అవతల పుట్టిన వాహనాలన్నీ కుడిగట్టులో మళ్ళీ రిజిస్టరు చేయించుకోవాలి.

"బాగా రాశావయ్యా," అంది మంగతాయి వీపు మీద నుంచి. "నీకు బుర్ర ఉందని నేను అందరితోనూ అంటూనే ఉన్నాను."

సరిగ్గా అప్పుడే ఎడమగట్టు నుంచి తాబేలు తాయారమ్మ వాగు దాటి వచ్చింది. అక్కడ ఆమె ఉండే మడుగు ఎండిపోయింది. కడుపునిండా గుడ్లు. నేల రాయైపోయి గోరు దిగడం లేదు. పోయినేడు దొరికిన చోట గుడ్లు పెడితే ముంగిసలు ఒక్కటి కూడా మిగల్చలేదు. కుడిగట్టు చెరువు ఒడ్డున మెత్తటి ఇసుక ఉంటుందని ఎవరో చెబితే, ఈసారైనా పిల్లల్ని చూసుకోవాలన్న ఆశతో బయల్దేరింది. చెరువుకి దారి రవాణా శాఖ ముందు నుంచే.

"ఆగమ్మా," అన్నాడు దండపాణి. "ఎక్కణ్ణుంచి?"

"ఎడమగట్టు నుంచి బాబూ."

"ఇల్లెక్కడ?"

"ఇదిగో, వీపు మీదే."

"అంటే ఇంటితో సహా తిరుగుతావా?"

"ఇల్లు వదిలేసి ఎక్కడికి పోతాను బాబూ."

దండపాణి ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఆ ఇంట్లో నువ్వుంటావు. ఇల్లు కదులుతోంది. అంటే ఇల్లు నిన్ను మోస్తోంది."

"నేనే దాన్ని మోస్తున్నాను బాబూ."

"ఆ సంగతి మేం చూసుకుంటాం. కామేశం, లేవయ్యా, బండొచ్చింది."

కామేశం ఒక కన్ను తెరిచాడు. ఉద్యోగంలో చేరాక అతను చూసిన మొదటి బండి. "ముందు లెర్నర్స్ పరీక్ష," అన్నాడు. "ఎదురుగా ఏనుగు వస్తే ఏం చేస్తారు?"

"తల లోపలికి లాక్కుంటానండి."

"పాస్," అని ముద్ర కొట్టాడు. ఇంకు లేదు కాబట్టి గట్టిగా కొట్టాడు. కుడిగట్టు అడవిలో మొట్టమొదటి లెర్నర్స్ లైసెన్సు అలా పుట్టింది.

"ఇక ఎడమగట్టు నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి," అన్నాడు దండపాణి. "మీ బండి వెళ్ళిపోతే మాకు అభ్యంతరం లేదని వాళ్ళు కాయితం ఇవ్వాలి."

తాయారమ్మకి నీరసం వచ్చింది. వాగు దాటడానికే ప్రాణం పోయినంత పనయింది. అంతలో కౌంటరు పక్క రాతి మీద నుంచి తొండ తిరుపాలు దిగాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చేయించే ఏజెంటు. ఏం అడిగినా తలాడిస్తాడు.

"నేనున్నాను కదా పిన్నిగారూ," అన్నాడు తలాడిస్తూ. "రేపీపాటికి కాయితం మీ చేతిలో ఉంటుంది."

మర్నాడు అలాగే తలాడిస్తూ తిరిగొచ్చాడు. పని అయిందనుకుని తాయారమ్మ సంతోషించింది. ఎడమగట్టు వాళ్ళు చెప్పినదేమిటంటే, ఆ బండి తమ దగ్గర రిజిస్టరు కాలేదు కాబట్టి దానిమీద అభ్యంతరం ఉందో లేదో చెప్పలేరట. ముందు ఆమె అక్కడికి వచ్చి రిజిస్టరు చేయించుకోవాలట. అక్కడ రిజిస్టరు కావాలంటే అక్కడే కాపురం ఉండాలట.

"మరి నువ్వు తలాడిస్తున్నావేమిటి నాయనా?"

"అది నా అలవాటు పిన్నిగారూ."

"కాయితం వచ్చేలోపు బండి తనిఖీ చేసేద్దాం," అన్నాడు దండపాణి. సింహంగారికి ఏదో ఒకటి చూపించాలన్న తొందర ఆయనది. "డ్రైవరు దిగి పక్కన నిలబడాలి."

"దిగడం ఎలా బాబూ?"

"ఎక్కినట్టే."

"నేను ఎక్కలేదు. పుట్టాను."

దండపాణి విసుగ్గా బుస్సుమన్నాడు. ఆ గాలికి తాయారమ్మ హడలిపోయి తలా కాళ్ళూ లోపలికి లాగేసుకుంది. దండపాణి డిప్ప చుట్టూ తిరిగాడు, ముందు నుంచి తొంగి చూశాడు, వెనక నుంచి తొంగి చూశాడు.

"డ్రైవరు కనబడ్డం లేదే."

"పరారీ సార్," అన్నాడు కామేశం కళ్ళు మూసుకునే. "దిక్కులేని బండిని సీజ్ చెయ్యాలి."

డిప్పకి తీగ కట్టి ట్రాక్ పక్కకి ఈడ్చుకుపోయారు. భయం తీరి తాయారమ్మ తల బయటపెట్టేసరికి, సీజ్ చేసిన బండిలోకి దొంగతనంగా ఎక్కిందని ఇంకో కేసు పెట్టారు. మైనాలు పడి పడి నవ్వాయి. తాయారమ్మకి నవ్వు రాలేదు. అక్కణ్ణుంచి చెరువు కనబడుతోంది, కడుపులో గుడ్లు ఇక ఆగేలా లేవు.

తెల్లవారుతుండగా ఆమె కౌంటరు దగ్గరికి తీగ సాగినంతమేరా వచ్చి కామేశాన్ని లేపింది. "బాబూ, లెర్నర్స్ ఉన్నవాళ్ళు ఆ ట్రాక్‌లోకి వెళ్ళొచ్చా?"

"ప్రాక్టీసుకి వెళ్ళొచ్చు."

"నా బండి సీజ్ చేశారు కదా?"

"సీజ్ చేసిన బండి ఆవరణ దాటకూడదు. ట్రాక్ ఆవరణలోనే ఉంది," అని కామేశం నిద్రలోకి జారుకున్నాడు.

తాయారమ్మ కంచె కిందనుంచి దూరింది. కాలు పెట్టగానే ఇసుక మెత్తగా దిగింది. ఇంత మంచి ఇసుక ఆమె జన్మలో చూడలేదు. ఎనిమిది అంకెలో రెండు సున్నాలు కలిసే చోట గుంట తవ్వి, గుడ్లన్నీ పెట్టి, వెనక కాళ్ళతో కప్పి బయటికి వచ్చింది. కష్టాలన్నీ తీరినట్టే అనిపించింది ఆమెకి.

దండపాణి వచ్చి చూసి గుండెలు బాదుకున్నాడు. ఆ సాయంత్రమే సింహంగారు మొదటి బండి పరీక్ష చూడ్డానికి వస్తున్నారు. ఎనిమిది అంకె నడుం దగ్గర ఇసుక కుప్పపడి ఉంది.

"ఎవరు చేశారిది?"

"గుడ్లు పెట్టుకున్నాను బాబూ."

"ప్రభుత్వ ట్రాక్‌లోనా? తొక్కి చదును చెయ్యాలి. నేనే తొక్కుతాను."

తాయారమ్మ ఆయన కాళ్ళకి అడ్డంగా వచ్చింది. "బాబూ, పోయినేడు ఒక్కటీ దక్కలేదు నాకు. నన్ను బండి అన్నావు, ఊరుకున్నాను. దొంగ అన్నావు, ఊరుకున్నాను. కావాలంటే నా డిప్ప మీద తొక్కు. వాటి జోలికి మాత్రం పోకు."

దండపాణికి జాలేసింది. అయితే జాలి కన్నా సింహంగారి భయం ఎక్కువ. ఆమెని ముట్టెతో పక్కకి నెట్టి, కంచె మీదుగా ముందు కాలు ఎత్తాడు.

"మెల్లిగా, మెల్లిగా," అంది మంగతాయి పైనుంచి. "ఎడమకి తీసుకో. గుంటలున్నాయి."

ఆ గోలకి కామేశం కళ్ళు తెరిచాడు. ఎత్తిన కాలుని చూశాడు, వీపు మీద మైనాలని చూశాడు. చిన్నగా దగ్గాడు.

"సార్, మీకు లెర్నర్స్ ఉందా?"

"నేను అధికారినయ్యా."

"అధికారికి అక్కర్లేదు సార్. వాహనానికి కావాలి. ఎవరినైనా మోసుకుంటూ కదిలేది ఏదైనా సరే వాహనమే అని మీరే రాయించారు. మీ మీద మంగతాయిగారి కుటుంబం ఉంది."

"దిగండే," అని దండపాణి వీపు విదిల్చాడు.

"ఎందుకు దిగాలి?" అంది మంగతాయి. "పుట్టినప్పట్నుంచీ నిన్ను నడుపుతున్నది మేమే."

"డ్రైవరు ఒప్పుకుంది సార్," అన్నాడు కామేశం. అతని మొహంలో అంత కాంతి ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "పైగా తమరు పుట్టింది ఎడమగట్టులో. దూడగా ఉన్నప్పుడు వాగు దాటి వచ్చానని తమరే చెబుతుంటారు. అంటే ఇన్నాళ్ళూ రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగారు. సింహంగారు వచ్చేసరికి మన దగ్గర రెండు బళ్ళు ఉంటాయి సార్."

దండపాణి ఎత్తిన కాలు అలాగే ఉంచి లెక్కలు వేసుకున్నాడు. రూలు తప్పంటే తాను బండి కాదు. తాను కాకపోతే తాయారమ్మా కాదు. తాయారమ్మ కాకపోతే శాఖ లేదు. శాఖ లేకపోతే దండపాణి కూడా అందరిలాంటి దున్నే. ఆలోచించి ఆలోచించి, కాలు వెనక్కి తీసుకుని, వెళ్ళి తాయారమ్మ పక్కన తీగ కట్టించుకున్నాడు.

సాయంత్రం సింహంగారు వచ్చారు. రెండు బళ్ళని చూసి మురిసిపోయారు. "పెద్ద బండి దిట్టంగా ఉందే. మీ అధికారి ఏడీ?"

"అదేనండి," అన్నాడు కామేశం.

"రెండు పనులూ ఒకరే చేస్తున్నారా? మంచి పొదుపు," అని మెచ్చుకుని, ట్రాక్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా సింహంగారు వెళ్ళిపోయారు. శాఖ నిలబడింది.

నిలబడ్డ శాఖలో పని మాత్రం ఆగిపోయింది. తాయారమ్మ కాయితాల మీద అధికారి సంతకం కావాలి. అధికారిని సీజ్ చేశారు. బండి సంతకం పెట్టరాదు. విడిచిపెట్టడానికి సంతకం లేనట్టే, ఆపి ఉంచడానికీ సంతకం లేదని కామేశం తేల్చి ఆమె తీగ విప్పేశాడు. దండపాణి తనంతట తానే కట్టించుకున్నాడు కాబట్టి ఆయన తీగ ఉండిపోయింది. తాయారమ్మ చెరువుకి వెళ్ళిపోయింది. పిల్లల బెంగతో అప్పుడప్పుడూ వచ్చి కంచెలోంచి చూసి పోతుండేది.

ఆమె భయపడ్డట్టే ముంగిస వాసన పట్టింది. పొద్దు వాలుతుండగా కంచె దగ్గరికి వచ్చింది. ఆ వేళకి కామేశానికి మెలకువ బాగా వస్తుంది.

"లెర్నర్స్ ఉందా?"

"గుడ్లు తినడానికి లెర్నర్స్ ఎందుకండీ?"

"బోర్డు చదువు. కావాలంటే దరఖాస్తు పెట్టుకో. ఎక్కడుంటావు?"

"పుట్టలోనండి."

"పుట్ట ఎవరి పేరు మీద ఉంది?"

"పాము పేరు మీదండి."

"అయితే పాము దగ్గర్నుంచి ఎన్ఓసీ పట్రా."

"ఆయన్ని నేను తినేశానండి."

"అలాగైతే వారసులు సంతకం పెట్టాలి," అన్నాడు కామేశం. ముంగిస పాము వారసుల్ని వెతుక్కుంటూ వెళ్ళింది. వారసులు దాన్ని చూసి పారిపోతున్నారు కాబట్టి ఆ పని ఇప్పటికీ కాలేదు.

దండపాణి ఎన్ఓసీ కోసం తిరుపాలు తలాడిస్తూ వాగుకి అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చివరికి కామేశమే ఒక దారి చూపించాడు. ఎన్ఓసీ వచ్చేదాకా బండిని మేత మేరకి బయట తిప్పుకోవచ్చు, లెర్నర్స్ ఉన్న డ్రైవరు పైన ఉండాలి. మంగతాయి పరీక్షకి వచ్చింది. ఎదురుగా ఏనుగు వస్తే ఎగిరిపోతానని చెప్పింది. పాస్ అయింది. ఆ రోజు నుంచీ దండపాణి మేతకి వెళ్ళాలన్నా, మళ్ళాలన్నా, ఆగాలన్నా మంగతాయి చెప్పాల్సిందే.

వానలు పడ్డాయి. ఒక పొద్దున ఎనిమిది అంకె నడుం దగ్గర ఇసుక కదిలింది. ఒక చిన్న తల బయటికి వచ్చింది, తర్వాత ఇంకోటి, తర్వాత గుంపుగా. గోరంత డిప్పలు ట్రాక్ దాటి, కంచె దాటి, రోడ్డెక్కి చెరువు వైపు నడిచాయి. బోర్డు లోపలికి రావడం గురించే గానీ బయటికి పోవడం గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి కామేశం నిద్రపోయాడు.

అటే వస్తున్న దండపాణి మెడ మీద మంగతాయి ముక్కుతో పొడిచింది. "ఆగు. చిన్నబళ్ళు వెళ్తున్నాయి."

దండపాణి ఆగాడు. ఆఖరి పిల్ల దాటేదాకా వానలో తడుస్తూ కాలు కదపలేదు. చెరువు గట్టున తాయారమ్మ ఒక్కొక్కదాన్నీ చూసుకుంటూ ఏడుస్తూ నవ్వుతూ ఉంది.

నీతి: రూలు రాసే అధికారి తన వీపు చూసుకోకుండా రాస్తేనే జనానికి క్షేమం.