ఉత్తమ ఊపిరి పురస్కారం

"జహీరాబాద్ క్రషర్లలో దుమ్ము జబ్బు అనే మాట ఇకనుంచి వినపడకూడదు" అని మంత్రిగారు ప్రకటించారు. జబ్బును వదిలి ముందు మాటను పట్టుకున్న ఆయన దూరదృష్టికి నేను చేతులెత్తి మొక్కాను. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద నాది లారీ టైర్ల పంచర్ షాపు. ఎవరిలో ఎంత గాలి ఉందో నాకు ఇట్టే తెలిసిపోతుంది.

వెంటనే శివశంకర్ అనే అధికారి మా పక్కనున్న కంకర క్రషర్‌కు దిగారు. ఎక్స్‌రే మిషన్ దొరకలేదట, బెలూన్లు తెచ్చారు.

"ఒక్కొక్కరు ఒక్క బెలూన్ ఊదాలె. ఊదలేనోళ్లను సర్కారు ఖర్చుతోని పెద్ద దవాఖానకు పంపుతం. నాకు మీటింగుంది, రేపు ఈడనే మంత్రిగారి సభ, ఆడికి ఊదుకొని తీస్కరాన్రి."

ఆ బెలూన్లే సభకు తోరణాలు. ఒకే ఖర్చుతో వైద్యమూ అలంకరణా! నాకు ఒళ్లు పులకరించింది.

ఆయన జీపు కదలగానే క్రషర్ మేస్త్రీ బస్వరాజ్ కూలీలకు మిగతా సగం చెప్పాడు. "ఊదలేనోళ్లకు దవాఖాన ఉంటది. ఈడ పనే ఉండదు."

సాయంత్రానికి కూలీలంతా నా షాపు ముందు లైను కట్టారు. ముందు నిలబడింది గిరిజమ్మ. ఆమె భర్త రేవణసిద్ధప్ప ఏళ్ల తరబడి ఆ క్రషర్‌లో కంకర మోస్తున్నాడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే కూలబడి దగ్గుతాడు.

"అన్నా, జర గాలి కొట్టు. ఈయన ఊదితే దగ్గొస్తది గని బెలూన్ లేస్తలేదు."

"దవాఖానకు పోతే మంచిదే గదక్కా?"

"ఆడ గోలీలిస్తరు. ఇంట్ల బువ్వ ఎవరు పెడ్తరు?"

నా దగ్గర బువ్వ లేదు, కంప్రెసర్ ఉంది. కొట్టాను. లారీ టైర్లకు అలవాటైన చెయ్యి కదా, బెలూన్ గుమ్మడికాయంత అయింది.

మర్నాడు సభలో అన్ని బెలూన్లూ చూసి, ఒక్కరికీ జబ్బు లేదని శివశంకర్ గారు తేల్చారు. అందరికంటే పెద్ద బెలూన్ తెచ్చిన రేవణసిద్ధప్పకు మంత్రిగారు శాలువా కప్పి 'ఉత్తమ ఊపిరి' పురస్కారం ఇచ్చారు. ముచ్చట తీరక క్రషర్ యజమానిని పిలిచారు.

"ఇంత దమ్మున్న మనిషితోని కంకర మోయిస్తరా? మిషన్ నోటికాడ నిలబెట్టున్రి!"

రాయి పిండయ్యే చోటు అది. దుమ్ముకు తాళలేక అక్కడ ఎవరూ నిలవడం లేదు. యజమాని సంతోషంగా తలూపాడు.

గిరిజమ్మ జనంలోంచి లేచి అరిచింది. "వద్దు సారూ! ఆ గాలి ఈయనది కాదు!"

"నిజమే తల్లీ" అన్నారు మంత్రిగారు మైకులో, వినయంగా. "అది మా ప్రభుత్వానిది."

జనం చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది, అయినా కొట్టాను. రేవణసిద్ధప్ప శాలువాతో ముక్కూ నోరూ గట్టిగా కట్టుకుని మిషన్ వైపు నడిచాడు.